ఊరు మారే ముందు: ఇల్లు, బడి, వాటి మధ్య దారి

చి. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. మీ ఇద్దరి ఉద్యోగాలలో ఏది ముందు ఖరారైతే ఆ ఊరికి వెళ్లాలనుకుంటున్నారనీ, అది ఏ దేశంలోనో కూడా ఇంకా తేలలేదనీ, పిల్లల బడి సంగతి, ఇంటి సంగతి తలచుకుంటే మాత్రం ఇప్పటినుంచే నిద్ర పట్టడం లేదనీ రాశావు. ఊరు ఇంకా తేలకపోవడం ఒక విధంగా మంచిదే. నచ్చిన ఇల్లు కళ్లముందు కనబడిన తరువాత మనిషి దాన్ని సమర్థించే కారణాలే వెతుక్కుంటాడు. ఏది చూసి ఎంచుకోవాలో అంతకుముందే అనుకొని ఉంటే ఆ మోజులో పడడు.

ఉద్యోగరీత్యా నేను ఆరుసార్లు కాపురం మార్చాను. అందులో రెండుసార్లు బాగా పొరబడ్డాను. మొదటిసారి, పేరున్న బడి అని విని ముందు అందులో సీటు సంపాదించి, ఆ తరువాత మా స్తోమతకు తగిన ఇల్లు వెతికితే అది ఊరికి రెండో కొసన దొరికింది. బడికి ఒకవైపు ప్రయాణమే గంటా పదిహేను నిమిషాలు. మీ బావ అప్పుడు మూడో తరగతి. సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో నిద్రపోయేవాడు. బడి స్నేహితులందరూ ఎక్కడెక్కడి పేటలవాళ్లో కావడం వల్ల, ఆదివారం నాడు వాడితో ఆడుకోవడానికి మా వీధిలో ఒక్క పిల్లవాడు కూడా ఉండేవాడు కాదు. ఆ అనుభవంతో రెండోసారి ముందుగా మంచి ఇల్లు చూసుకొని, దగ్గర బడిలోనే చేర్పిద్దామని వెళితే, అక్కడ సీట్లు ఎప్పుడో నిండిపోయాయన్నారు. ఆనాటినుంచి ఇల్లు ఒకటి, బడి ఒకటి అని విడదీసి ఆలోచించడం మానుకున్నాను. మొదట వాటి మధ్య దారి చూస్తాను. దారి బాగుంటేనే ఆ రెండింటి గురించి మాట్లాడతాను.

ఈ మాటను చాదస్తమని కొట్టిపారేయకు. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్సర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు జర్మనీలో ఏళ్ల తరబడి సేకరించిన కుటుంబాల వివరాలను పరిశీలించి, 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. పనిస్థలానికి ఎక్కువసేపు ప్రయాణం చేసేవారికి దానికి బదులుగా మెరుగైన జీతమో, మెరుగైన ఇల్లో దక్కుతుంది కాబట్టి మొత్తం మీద లెక్క సరిపోవాలి. వారు చూసినదేమంటే అది సరిపోవడం లేదు, ప్రయాణం పెరిగినకొద్దీ జీవితంపై సంతృప్తి తగ్గుతూనే ఉంది. కారణం నాకు అనుభవంలో తెలుసు. అదనపు గదికి నెల తిరిగేలోగా అలవాటు పడిపోతాం, రోడ్డు మీద చిక్కుకుపోవడానికి మాత్రం ఎన్నేళ్లయినా అలవాటు పడం. పిల్లల విషయంలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. బడి రోజులు ఏడాదికి ఇంచుమించు 200 అనుకుంటే, ఒకవైపు 45 నిమిషాల ప్రయాణమంటే ఏడాదికి 300 గంటలు. రోజుకు ఆరు గంటల చదువు లెక్కన అది 50 బడిరోజులతో సమానం. ఆ 50 రోజులనూ తిరిగి ఇవ్వగలిగినంత గొప్ప బడులు నేను పెద్దగా చూడలేదు.

పదేళ్లలోపు పిల్లలకు 20 నిమిషాలు, తనంతట తాను వెళ్లగల పెద్దపిల్లకు 40 నిమిషాలు: ఇది నేను పెట్టుకున్న హద్దు. దాన్ని కొలవవలసిన పద్ధతి మాత్రం కచ్చితంగా పాటించు. ఆదివారం మధ్యాహ్నం కారులో తిరిగి చూస్తే ఏ ఊరైనా చిన్నదిగానే కనబడుతుంది. పనిదినం నాడు, బడి గంటకు సరిపోయే సమయానికి, మీరు నిజంగా వాడబోయే వాహనంలోనో, కాలినడకనో వెళ్లి చూడండి. తిరుగుప్రయాణం కూడా అలాగే చూడండి. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. బిడ్డకు జ్వరంగా ఉందని మధ్యాహ్నం బడినుంచి ఫోను వస్తే, మీ ఇద్దరిలో అరగంటలో అక్కడికి చేరగలిగేది ఎవరు? ఎవరూ కాదన్నది జవాబైతే, ఆ ఇల్లు ఎంత బాగున్నా వదులుకోవడమే మంచిది.

ఇక పేట సంగతి. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర పరిశోధకుడు 1960ల చివర శాన్‌ఫ్రాన్సిస్కోలో, చూడడానికి ఒకేలా ఉన్న మూడు వీధులను ఎంచుకొని అక్కడివారితో మాట్లాడాడు. రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరిగే వీధిలో ఒక్కొక్కరికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులు ఉండగా, సుమారు 16,000 వాహనాలు తిరిగే వీధిలో ఆ సగటు ఒక్కరికి కూడా చేరలేదు. కొత్త ఊరిలో మీకు చుట్టాలు ఉండరు. అవసరానికి పిల్లవాణ్ణి గంటసేపు చూసిపెట్టే పొరుగావిడే మీకు చుట్టం. అలాంటి మనిషి దొరికే వీధి ఏదో తెలుసుకోవడానికి నేను చేసే పని చాలా చిన్నది: సాయంత్రం బడి వదిలిన గంట తరువాత ఆ వీధిలో అరగంట నిలబడి, బయట ఎంతమంది పిల్లలు కనబడతారో లెక్కపెడతాను. ఇళ్లు ఎంత ముచ్చటగా ఉన్నా ఒక్క పిల్లవాడూ కనబడకపోతే, ఎందుకు లేరని ఎవరినైనా అడుగుతాను. ఆ జవాబులో బ్రోకరు చెప్పని విషయాలు చాలా బయటపడతాయి.

రాత్రి పదిన్నర తరువాత కూడా ఒకసారి వెళ్లి చూడండి. రోడ్డు రవాణా శబ్దం రాత్రివేళ సగటున 45 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సూచించింది; ఆ లెక్క ఇంటి బయట కొలిచే శబ్దానికి వర్తిస్తుంది. ఫోనులోని కొలత ఉజ్జాయింపే అయినా, పడుకునే గది కిటికీ ఏ వైపున ఉందో చూసుకోవడానికి పనికివస్తుంది. వాన పడితే నీళ్లు ఎక్కడివరకు వస్తాయో కింది అంతస్తులో పదేళ్లుగా ఉంటున్నవారిని అడగండి. వరద ముంపు పటాలను ప్రభుత్వమే ప్రజలకు అందుబాటులో ఉంచే దేశమైతే వాటిని కూడా చూడండి.

బడి విషయంలో అందరూ మొదట ర్యాంకులు చూస్తారు. చూడవద్దని నేను అనను గాని, ఆ అంకె ఏం చెబుతోందో తెలుసుకొని చూడాలి. అమెరికాలో 1966లో జేమ్స్ కోల్‌మన్ నాయకత్వంలో వెలువడిన ప్రభుత్వ నివేదిక, బడుల వసతులలోని తేడాల కంటే పిల్లల కుటుంబ నేపథ్యాలే మార్కులలోని తేడాలను ఎక్కువగా వివరిస్తాయని తేల్చింది. అంటే మార్కుల పట్టికలో పైన ఉన్న బడి, బాగా చదివే పిల్లలను చేర్చుకున్న బడి కావచ్చు. చేర్చుకున్న పిల్లలను బాగా చదివించే బడి అవునో కాదో ఆ పట్టిక చెప్పదు. అందువల్ల పిల్లలు చేరినప్పుడు ఎక్కడ ఉన్నారు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అన్నది అడుగు. ఆ వివరం చెప్పగలిగిన బడి, చెప్పలేని బడి అన్న తేడాయే నీకు చాలా సంగతులు చెబుతుంది.

బడి చూడడానికి వెళ్లినప్పుడు, తల్లిదండ్రులను ఆహ్వానించి అలంకరించి చూపించే రోజున వెళితే ప్రయోజనం లేదు. మామూలు రోజున, విరామ సమయానికి అటూ ఇటూగా వెళ్లు. నేను మొదట మరుగుదొడ్లు చూస్తాను. దీనికి మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. అతిథుల కోసం ముందు గదిని ఎవరైనా అద్దంలా ఉంచుతారు, పిల్లలు మాత్రమే వాడే చోటును శుభ్రంగా ఉంచేవారు పిల్లలను గౌరవించేవారని నా నమ్మకం. తరువాత ప్రధానోపాధ్యాయులను కలిసి, గత ఏడాది ఎంతమంది ఉపాధ్యాయులు వెళ్లిపోయారో, సంవత్సరం మధ్యలో చేరిన పిల్లలను మొదటి నెలలో ఎవరు చూసుకుంటారో, ఒక పిల్లవాణ్ణి మిగతావాళ్లు వేధిస్తే చివరిసారి ఏం చేశారో అడుగు. మూడో ప్రశ్నకు ‘మా బడిలో అలాంటివి జరగవు’ అని జవాబు వస్తే జాగ్రత్తపడాలి. పిల్లలున్న చోట అవి జరుగుతాయి. జరిగినది చెప్పి, తాము చేసినది చెప్పేవారే నమ్మదగినవారు.

చిన్నవాడి విషయంలో తరగతిలో ఎంతమంది ఉంటారన్నది తప్పక చూడు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన ఒక పెద్ద ప్రయోగంలో, చిన్న తరగతుల పిల్లలను 13 నుంచి 17 మంది ఉండే గదులకూ, 22 నుంచి 25 మంది ఉండే గదులకూ యాదృచ్ఛికంగా పంచి నాలుగేళ్లు గమనిస్తే, చిన్న గదుల్లో చదివినవారు చదవడంలోనూ లెక్కలలోనూ ముందున్నారు. ఆ ప్రయోగం మూడో తరగతితో ముగిసింది కాబట్టి, మీ పెద్దమ్మాయికి దాన్ని అలాగే వర్తింపజేయలేం. ఆమె విషయంలో సంఖ్య కంటే పాఠం చెప్పేవారి పట్టు ముఖ్యం.

నిజానికి నా ఆలోచన అంతా పెద్దమ్మాయి చుట్టూనే తిరుగుతోంది. అమెరికాలో 1994 నుంచి 1998 వరకు ఐదు నగరాలలో, కడు పేద పేటలలో ఉంటున్న సుమారు 4,600 కుటుంబాలకు సంబంధించి ఒక ప్రయోగం జరిగింది. లాటరీలో పేరు వచ్చిన కొందరికి, పేదరికం తక్కువగా ఉన్న పేటలకు మారడానికి సహాయం చేశారు. రాజ్ చెట్టి, నథానియెల్ హెండ్రెన్, లారెన్స్ కట్జ్ చాలా ఏళ్ల తరువాత ఆ పిల్లల సంపాదనను పరిశీలిస్తే, పదమూడేళ్లలోపు మారినవారు పెద్దయ్యాక, మారని కుటుంబాల పిల్లల కంటే సుమారు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. పదమూడు దాటాక మారినవారికి లాభం లేకపోగా కొంత నష్టమే కనబడింది. మీ పరిస్థితి వేరు, మీరు వదిలి వెళుతున్నది అలాంటి పేట కాదు, కాబట్టి ఆ అంకెలను మీకు అంటగట్టను. అయినా అందులో గ్రహించవలసినది ఒకటి ఉంది: మంచి పేట ఫలితం అక్కడ గడిపిన ఏళ్లను బట్టి వస్తుంది, ఊరు మారడం వల్ల కలిగే కుదుపు మాత్రం వెంటనే తగులుతుంది. పన్నెండేళ్ల పిల్లకు ఆ కుదుపు తగ్గించడమే మీ మొదటి పని.

బోధనా భాష మారేటట్లయితే ఇంకొంత ఓపిక కావాలి. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చూపించినదేమంటే, కొత్త భాషలో ఆటపాటల మాటలు రెండేళ్లలోపే వచ్చేస్తాయి గాని, పాఠ్యపుస్తకాల భాషలో తోటివారికి సమానం కావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చు. గడగడా మాట్లాడుతోంది కదా, మార్కులెందుకు రావడం లేదని ఆరు నెలలకే కోప్పడే తల్లిదండ్రులను చూశాను. వారిలో ఒకడిని నేను. భాష కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు విడిగా సహాయం చేసే ఉపాధ్యాయులు ఉన్న బడిని, ర్యాంకు తక్కువైనా ఎంచుకో. ఇంట్లో మాత్రం మన భాషే మాట్లాడండి; కొత్త భాష త్వరగా వస్తుందన్న ఆశతో ఇంటి భాష మానిపిస్తే, పిల్లలు రెండింటిలోనూ తడబడే రోజులు వస్తాయి. రెండు మూడేళ్లలో మళ్లీ మరో దేశం వెళ్లే అవకాశం ఉంటే, 1968లో జెనీవాలో మొదలైన ఇంటర్నేషనల్ బాకలారియేట్ వంటి, పలు దేశాలలో ఒకే తీరుగా నడిచే చదువు గురించి ఆలోచించవచ్చు. పాఠశాల చదువులోని చివరి రెండేళ్ల మధ్యలో మాత్రం ఆమెను కదిలించకు. అప్పటికి ఉద్యోగం మారవలసివస్తే, ఒకరు ముందు వెళ్లి, మిగిలినవారు తరువాత వెళ్లండి.

సమయం గురించి రెండు మాటలు. బడి సంవత్సరం ఇంగ్లండులో సెప్టెంబరులో, జపానులో ఏప్రిల్‌లో, ఆస్ట్రేలియాలో జనవరి చివరనో ఫిబ్రవరి మొదట్లోనో ప్రారంభమవుతుంది. కాబట్టి ఒకే నెలలో బయలుదేరినా, ఒకచోట సంవత్సరం ఆరంభానికి, మరొకచోట సగంలోకి వెళతారు. ఏ తేదీనాటి వయసును లెక్కిస్తారన్నది కూడా దేశాన్ని బట్టి మారుతుంది. చిన్నవాడు ఒక తరగతి వెనక్కి వెళ్లినా దిగులుపడకు, నాలుగేళ్ల తరువాత ఆ తేడా ఎవరికీ గుర్తుండదు. పుట్టినతేదీ పత్రం, బదిలీ పత్రం, గత మూడేళ్ల ప్రగతి పత్రాలు, టీకాల వివరాలు అసలువి మీ చేతిసంచిలో ఉంచుకోండి. దేశం దాటేటట్లయితే, పత్రం మీది సంతకం, ముద్ర నిజమైనవేనని పరదేశానికి ధ్రువీకరిస్తూ 1961 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం వేసే అపోస్టిల్ ముద్ర ఏ పత్రాలకు అవసరమో కొత్త బడిని ముందే అడిగి వేయించుకోండి. బయలుదేరాక ఆ పని నెలలకు నెలలు లాగుతుంది.

చాలాచోట్ల ప్రభుత్వ బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టి వస్తుంది. ‘ఈ ఇల్లు ఫలానా బడి పరిధిలోనిదే’ అని ఇంటివారూ బ్రోకరూ ఒకే గొంతుతో చెప్పినా నమ్మవద్దు. ఇంటి నంబరుతో సహా బడికిగాని, విద్యాశాఖ కార్యాలయానికిగాని రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకో. ఆ హద్దులు మారుతుంటాయి, పరిధిలో ఉన్నా సీట్లు నిండిపోయి ఉండవచ్చు. మొదటి ఏడాది ఇల్లు కొనవద్దు. అద్దెకు ఉంటే, ఎంపికలో పొరపాటు జరిగినా ఒక్క ఏడాదితో పోతుంది.

పిల్లలను అడగాలా అని రాశావు. అడుగు, కాని పది బడుల పేర్లు వాళ్ల ముందు పరచవద్దు. మీ ఇద్దరికీ సమ్మతమైన రెండింటిని మిగుల్చుకొని, పెద్దమ్మాయిని రెండుచోట్లకూ తీసుకువెళ్లి, ఆమె చెప్పినదానికే కట్టుబడండి. చిన్నవాడికి బడికంటే ఇంటిలో తన మంచం ఎక్కడ వేస్తారన్నదే పెద్ద సంగతి, అది వాడినే తేల్చుకోనివ్వండి.

ఊరు ఖరారైన వెంటనే రాయి. మూడు ఇళ్లకు, రెండు బడులకు మించి పెట్టుకోకుండా, ఏ ఇంటినుంచి ఎన్నింటికి బయలుదేరితే ఏ బడికి ఎన్నింటికి చేరారో, సాయంత్రం వీధిలో ఎంతమంది పిల్లలు కనబడ్డారో కూడా రాసి పంపితే, నేనూ మీ అత్తయ్యా కూర్చుని చూసి మా అభిప్రాయం చెబుతాము. అబ్బాయికి, పిల్లలకు మా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య