సినిమా కంపెనీలో సోషల్ మీడియా పనికి చేరుతున్న మా మేనకోడలికి

చిన్నూ,

నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. సినిమాలు, వెబ్ సిరీస్‌లు తీసే కంపెనీ తరఫున ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఎక్స్ అన్నీ చూసుకునే టీమ్ అట కదా, చాలా సంతోషంగా ఉంది తల్లీ. "మావయ్యా, ముప్పై ఏళ్లు విజయవాడ గాంధీనగర్‌లో సినిమా ఆఫీసుల మధ్యే ఉన్నావుగా, నాకేమైనా చెప్పు" అని నువ్వు పెట్టిన మెసేజ్ రాత్రి చూశాను. ఫోన్లో టైప్ చేస్తే తెగేది కాదని కాగితం మీద రాసి ఫొటోలు పంపిస్తున్నా. డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో పబ్లిసిటీ చూసినవాణ్ణి, చివరి ఏడేళ్లూ ఇద్దరు కుర్రాళ్లతో కలిసి మా ఆఫీసు పేజీలు కూడా నేనే నడిపాను కాబట్టి రెండు వైపులా కాస్త తెలుసు.

ముందు వాల్‌పోస్టర్ సంగతి. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, రాత్రి రెండో ఆట వదిలాక బయల్దేరేవాళ్లు మా కుర్రాళ్లు. జిగురు ఎవరైనా కలుపుతారు, చోటు తెలియడమే పని. గుంటూరు నుంచి వచ్చే బస్సు వారధి దాటి ఊళ్లోకి మలుపు తిరిగేటప్పుడు నెమ్మదిస్తుంది చూడు, అక్కడ గోడ మీద ఉన్నది కిటికీ పక్కన కూర్చున్నవాడికి రెండు మూడు సెకన్లు కనపడుతుంది. ఆ కాసేపట్లో హీరో మొహం, సినిమా పేరు, ఏ హాలు అన్న మూడూ వాడికి అందాలి. నాలుగోది ఇరికించామా, మూడూ పోయినట్టే. నీ రీల్ కూడా ఆ బస్సు కిటికీయే అనుకో. మొదటి ఐదు సెకన్లు కంపెనీ లోగో తిరుగుతూ ఉంటే చూసేవాడి బొటనవేలు ఎప్పుడో పైకి జరిపేస్తుంది. మొహంతోనో, మాటతోనో మొదలుపెట్టు, లోగో చివర్లో వేసుకో. చాలామంది బస్సులో, ఆఫీసులో సౌండ్ తీసేసి చూస్తారు, అందుకని డైలాగ్‌ని తెలుగు అక్షరాల్లో పెద్దగా తెర మీదే వెయ్యి. అదీ మరీ అడుగున వద్దు, ఇన్‌స్టాలో అడుగున క్యాప్షన్, కుడి పక్కన లైకు, షేరు గుర్తులు వచ్చి కూర్చుంటాయి. అడ్డంగా తీసిన ట్రైలర్‌ని అలాగే నిలువు తెరలో పడేసి పైనా కిందా నల్లగా వదిలేసిన పోస్టులు పెద్ద పెద్ద కంపెనీల పేజీల్లో కూడా చూస్తుంటాను, కోట్లు పెట్టి తీసినదాన్ని అగ్గిపెట్టెంత చేసి చూపిస్తే ఎలా అనిపిస్తుంది నాకు.

ఇక అసలు విషయం. జనానికి సినిమా చూపించడం ఒక్కటే కాదు నీ పని, వాళ్ల చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, వాళ్లు దాన్ని తీసుకెళ్లి నలుగురికీ ఇచ్చేలా ఉండాలి. బాహుబలి మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో 21 నెలలు. అన్ని నెలలపాటు దేశమంతా నోళ్లలో నానింది ఒక్క ప్రశ్న, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు అని. హ్యాష్‌ట్యాగ్‌లు, మీమ్‌లు, ఆఫీసుల్లో పందేలు, బడి పిల్లల జోకులు, ఇవన్నీ కూర్చుని చేసింది జనమే. కథలో ఒక ముడి వేసి దాన్ని విప్పకుండా ఆపగలగడం డైరెక్టర్ గొప్పతనం, విప్పమని ఎంతమంది అడిగినా పేజీలో ఒక్క ముక్క జారనివ్వకుండా ఆ ప్రశ్నతో జనాన్ని ఆడుకోనివ్వడం పబ్లిసిటీ వాళ్ల పనితనం. నాటు నాటు కూడా అంతే. 2021 నవంబర్‌లో లిరికల్ వీడియో వదిలినప్పుడే ఆ ఇద్దరు హీరోలూ భుజాల మీద చేతులు వేసుకుని వేసే స్టెప్పు అందులో చూపించారు, మొత్తం సినిమాలో దాచుకోవాల్సిన సొమ్ము అనుకుని దాచుకోలేదు. దాంతో సినిమా రాకముందే కాలేజీ ఫంక్షన్లలో, పెళ్లిళ్లలో జంటలు జంటలుగా మొదలుపెట్టేశారు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలో కొరియా రాయబార కార్యాలయం వాళ్లు కూడా ఆ స్టెప్పు వేసి వీడియో పెట్టారు, మార్చిలో ఆస్కార్ వచ్చింది. అది ఇద్దరు కలిసి వేసే స్టెప్పు కావడంలోనే ఉంది కిటుకు, ఒకడు నేర్చుకుంటే ఇంకొకణ్ణి పిలవక తప్పదు. కాబట్టి నీ చేతికి సినిమా రాగానే ముందు వెతకాల్సింది ఇదే, ఇందులో జనం పట్టుకుపోయేది ఏముంది? ప్రశ్నా, స్టెప్పా, ఊతపదమా, ఒక వంటకమా, ఏదైనా కావచ్చు. ఏమీ దొరకలేదంటే మీ పైవాళ్లకి ఆ మాట మొహమాటపడకుండా చెప్పు. లేనిదాన్ని ట్రెండ్ చేద్దామని రోజుకి పది పోస్టులు పెడితే ఉన్నవాళ్లు కూడా అన్‌ఫాలో కొడతారు.

వ్యూస్ కొనే పనికి మాత్రం చచ్చినా ఒప్పుకోకు. కొన్నేళ్ల కిందట మా దగ్గరికి ఒక చిన్న సినిమా వచ్చింది, పేరు వద్దు. ప్రొడ్యూసర్ మంచివాడే, ఊళ్లో పొలం అమ్మి తీశాడు. ఎవరో ఏజెంటు మాట నమ్మి టీజర్‌కి వ్యూస్ కొన్నాడు, రెండు రోజుల్లో పది లక్షలు దాటాయి. కామెంట్లు చూస్తే మనకి తెలియని భాషల్లో ఉన్నాయి, ఒక్క తెలుగు ముక్క లేదు. ఆ అంకె చూసుకుని ఆయన హాళ్లు ఎక్కువ తీసుకుందామన్నాడు, నాకు అనుమానం వచ్చింది కానీ గట్టిగా అడ్డుపడలేదు, అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. శుక్రవారం మార్నింగ్ షోకి గేటు దగ్గర నేనే నిలబడ్డాను. మా రిప్రజెంటేటివ్ డీసీఆర్‌లో, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టులో, రాసింది 41 టికెట్లు, అందులో తొమ్మిదిమంది డైరెక్టర్ ఊరివాళ్లు. ఇంటర్వెల్‌లో ప్రొడ్యూసర్ గారు క్యాంటీన్ దగ్గర టీ గ్లాసు పట్టుకుని, తాగకుండా, ఫోన్లో ఆ పది లక్షల అంకె వంకే చూస్తూ నిలబడ్డారు. అంకెలు ఎలా లెక్కపెడతారో కూడా తెలుసుకో తల్లీ, యూట్యూబ్ వాళ్లు 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో వీడియో మొదలైతే చాలు ఒక వ్యూ కింద వేసుకుంటున్నారు, ఎంతసేపు చూశారన్నదానితో పని లేదు. అందుకని మీటింగ్‌లో ఎవరైనా లక్షల వ్యూస్ అంటే, ఎంతమంది చివరిదాకా చూశారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు, ఎంతమంది సేవ్ చేసుకున్నారు అని అడుగు. ఇంకొకరికి పంపడం అన్నింట్లోకీ గట్టిది, మా రోజుల్లో "బావుందంట్రా" అని పక్కింటివాడితో అనడం లాంటిది.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన పని గురించి. మా ఆఫీసులో ల్యాండ్‌లైన్ పక్కన నా నోట్‌బుక్ ఒకటి ఉండేది, ఫోన్ చేసినవాళ్లూ గేటు దగ్గర అడిగినవాళ్లూ ఏం అడిగారో అందులో రాసేవాణ్ణి. ఫస్ట్ షో ఎన్నింటికి వదుల్తారు, ఆఖరి బస్సు దొరుకుతుందా, చంటిపిల్లతో రావచ్చా, ఫైట్లు ఎక్కువా, మా అత్తగారితో కలిసి చూడొచ్చా. పేజీ చేతికొచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు, కామెంట్లలో ప్రశ్నలన్నీ అందులోకి ఎక్కించేవాణ్ణి. ఒకసారి తెనాలి నుంచి ఒకావిడ, మా నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, బాల్కనీకి లిఫ్ట్ ఉందా అని అడిగింది. దాని పైనా కిందా జై హీరో అన్న కామెంట్లు వందలు, మా కుర్రాళ్లు వాటికేమో వరసగా మంట గుర్తులు పెట్టుకుంటూ పోతున్నారు, ఆవిడ ప్రశ్న రెండు రోజులు అలాగే ఉంది. నేను హాలుకి ఫోన్ చేసి కనుక్కుని, లిఫ్ట్ లేదమ్మా, కింద ఫస్ట్ క్లాస్ వెనక వరసకి పక్క గేటు నుంచి వస్తే మెట్లు ఎక్కక్కర్లేదు, గేట్‌మన్‌కి చెప్పి ఉంచుతాను అని రాశాను. ఆదివారం మ్యాట్నీకి పదకొండుమంది వచ్చారు. పెద్దాయన్ని మధ్యలో కూర్చోబెట్టి తీసిన ఫొటో ఆవిడే పెట్టింది, దాని కింద వాళ్ల బంధువులంతా ఆ గేటు సంగతే అడిగారు. అందుకని చెప్తున్నా, హీరోని పొగిడేవాడికి నువ్వు జవాబివ్వకపోయినా వాడు వస్తాడు, సందేహం ఉన్నవాళ్లకి ముందు జవాబివ్వు. మీది ఓటీటీ కూడా కదా, వినపడని పెద్దవాళ్ల కోసం తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయా, పిల్లలతో చూడొచ్చా, ఎన్ని ఎపిసోడ్లు, ఇలాంటివే వస్తాయి. జవాబు తెలియకపోతే కనుక్కుని చెప్తామని రాసి, నిజంగా కనుక్కో.

బాగోలేదన్న కామెంట్లని చెరిపేయమని ఒత్తిడి వస్తుంది. బూతులుంటే, ఆడవాళ్లని అంటే, కులం మాట తీస్తే ఆ నిమిషమే తీసెయ్, అందులో ఆలోచించాల్సిందేమీ లేదు. సినిమా నచ్చలేదు అన్నవాణ్ణి మాత్రం ఉండనివ్వు. అన్నీ పొగడ్తలే ఉన్న పేజీని ఎవరూ నమ్మరు, మార్నింగ్ షో సగం కాకముందే బ్లాక్‌బస్టర్ అని పోస్టర్ వేసినా అంతే. ఇంకో హీరో మీద సెటైర్ వేస్తే రీచ్ వస్తుందని ఎవడో ఐడియా ఇస్తాడు, ఆ జోలికి వెళ్లకు. ఫ్యాన్స్ గొడవ ఫోన్లో మొదలై సెంటర్‌లో తేలడం నేను కళ్లారా చూశాను, కుర్రాళ్ల తలలు పగులుతాయి.

చట్టం సంగతులు కూడా రెండు గుర్తుపెట్టుకో. డబ్బులిచ్చి ఎవరితోనైనా పొగిడిస్తే అది ప్రకటన అని వాళ్లు పోస్టులోనే కనపడేలా చెప్పాలి, 2023 జనవరిలో కేంద్రం దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంది. రెండోది, హీరో ఎంట్రీకి హాల్లో అందరూ ఫోన్లు లేపుతారు, ఆ వీడియోలు ఉత్సాహంగా మన పేజీలో షేర్ చేద్దామనిపిస్తుంది. చెయ్యకు. తెర మీద బొమ్మ రికార్డు చేయడానికి 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 3 లక్షలకి తగ్గని జరిమానా ఉన్నాయి, మనమే దాన్ని మెచ్చుకుని షేర్ చేస్తే పైరసీ వద్దని చెప్పే మొహం మనకెక్కడుంటుంది? హాలు బయట సందడి, డప్పులు, కాగితాలు ఎగరేయడం ఎంతైనా పెట్టుకో. అలాగని సినిమా ఓటీటీకి వచ్చాక ఎవడో కుర్రాడు పది సెకన్ల సీన్‌తో మీమ్ చేస్తే వాడి మీద కాపీరైట్ స్ట్రైక్ వేయించకు. మన వీడియో ముక్క ఎవరు వాడినా పట్టిచ్చే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో ఆపేయడం ఒక్కటే దారి కాదు, వదిలేసి ఎంతమంది చూస్తున్నారో గమనించవచ్చు, దాని మీద వచ్చే యాడ్ డబ్బులు మనం తీసుకోవచ్చు కూడా.

ఇంకొకటి, ఒకే గోడని నమ్ముకోకు. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధించారు కదా, లక్షలమంది ఫాలోవర్లున్నవాళ్లు ఒక్క రాత్రిలో సున్నాకొచ్చారు. ఇన్‌స్టాలో ఎంత బాగా నడుస్తున్నా వాట్సాప్ ఛానల్, యూట్యూబ్ పక్కన పెంచుకుంటూ ఉండు. మా పెద్దమ్మ లాంటివాళ్లు ఇన్‌స్టా తెరవరు, వాళ్లకి వాట్సాప్‌లో పాట వస్తేనే సినిమా వచ్చినట్టు.

నా నోట్‌బుక్ అట్ట చిరిగింది కానీ లోపల పేజీలు బాగానే ఉన్నాయి, వచ్చే ఆదివారం మీ అమ్మతో పంపిస్తాను, ముందు ప్రశ్నలున్న పేజీలు చదువు. ఉద్యోగంలో చేరాక నువ్వు తయారుచేసే మొదటి పోస్టర్ బయటికి వచ్చిన వెంటనే నాకు లింక్ పంపు. అలంకార్ సెంటర్‌లో టీ బండి దగ్గర మధ్యాహ్నం ఎండలో నిలబడి నా పాత ఫోన్లో చూస్తాను, అక్కడ పేరు చదవగలిగానో లేదో వెంటనే ఫోన్ చేసి చెప్తా.

ప్రేమతో,
మావయ్య