కథ, పత్రిక, కొలువు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక కంపెనీ ప్రచార విభాగంలో పనిచేస్తున్నాను. ప్రెస్‌నోట్లు, ఎండీ ప్రసంగాలు రాస్తాను. మిత్రులతో కలిసి మూడు నెలలకోసారి 64 పేజీల సాహిత్య పత్రిక తెస్తున్నాం, సంపాదకత్వం నాది. సంచికకు 90 దాకా కథలొస్తాయి. నా సొంత కథ మాత్రం ఏడాదిగా ఒక్క పేజీ కదల్లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ మూడు పనుల్లో హద్దు లేనిది పత్రికే. ఆఫీసుకు వేళలున్నాయి. మీ కథ ఏదని అడిగేవారు లేరు. అందుకే పత్రిక కథ చోటును ఆక్రమించింది. ముందు దానికి గట్టు వేయండి.

రచనలు ఏడాది పొడవునా తీసుకోకండి, సంచికకు మూడు వారాలు చాలు. 90 కథల మొదటి చదువుకు పదేసి నిమిషాలు, అంటే 15 గంటలు. నిలిచిన 20 కథలకు అరగంట చొప్పున మరో 10. ఎనిమిది వారాలకు పంచితే వారానికి మూడు గంటల పైచిలుకు, ఆదివారం ఒక పూట. రాత్రిళ్లు ఫోన్‌లో చదవడం మానండి. అలసిన కళ్లకు మంచి కథా నీరసంగానే కనిపిస్తుంది, అది రచయితకు అన్యాయం. వద్దనుకున్న కథకు ఆ పూటే రెండు వాక్యాల జవాబు పంపేయండి, ఆరా తీసే ఫోన్లు తగ్గుతాయి.

64 పేజీలంటే నాలుగు ఫారాలు, అంటే ఒక్కో పెద్ద కాగితంపై కలిపి అచ్చయ్యే 16 పేజీల కట్టలు. మూడు ముందే ముగించి, ఆలస్యంగా వచ్చే సమీక్షలు, ఉత్తరాలు నాలుగోదానికి ఉంచండి. ఫోన్లలో, మెయిళ్లలో వాడే యూనికోడ్ నుంచి, అచ్చు పేజీలు కట్టేందుకు వాడే అను ఫాంట్లకు మార్చాక ప్రూఫు తప్పనిసరి. ‘హైదరాబాద్‌లో’ అన్నది ‘హైదరాబాద్లో’గా అతుక్కుపోతుంది, ఒత్తులు తారుమారవుతాయి. ఈ పని మరొకరికి అప్పగించండి. మీరు దిద్దిన కథలో తప్పు మీ కంటికి ఆనదు.

ఇక సొంత రాత. సమయం కన్నా పెద్ద చిక్కు భాషది. రోజంతా ప్రెస్‌నోట్లు రాసిన చెయ్యి కథలోనూ ‘సీతయ్య ఇంటి మరమ్మతులు చేపట్టాడు’ అని రాసేస్తుంది. సీతయ్య చేసిందేమిటి? నిచ్చెన వేసుకుని జారిన పెంకులు సర్దాడు. రాసింది చదువుతూ ‘చేపట్టు’, ‘నిర్వహించు’, ‘దిశగా’ కనబడ్డచోటల్లా ఆగి, మనిషి చేతులు ఏం చేశాయో రాయండి. ఆఫీసు మెయిల్ తెరవకముందే, పొద్దున నలభై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు కూర్చోండి. సాయంత్రానికి ఆ భాష నోట్లో నానిపోయి ఉంటుంది.

కథ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాయకండి. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా రాసినదానిపై హక్కు యజమానిది. కథ ఉద్యోగంలో భాగం కాదు, అయినా పేచీకి తావెందుకు? బయటి పనులపై నియామక పత్రంలో ఏముందో చూసి, పత్రిక సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. మీ కంపెనీ ప్రకటన మాత్రం పత్రికలో వేయకండి.

మీ కథను మీ పత్రికలోనూ వేసుకోవద్దు. మరో సంపాదకుడికి ఫలానా తేదీకి పంపుతానని చెప్పండి. అడిగేవారు ఒకరు ఏర్పడతారు.