ముందు పురుగుమందు డబ్బాల సంగతి చూడండి

పది ఇళ్లవాళ్లం కలిసి పర్యావరణం కోసం ఏమైనా చేద్దామనుకుంటున్నాం, ప్లాస్టిక్ కవర్లు మానేస్తే సరిపోతుందా అని అడిగారు. మానేయండి, మంచిదే. కానీ నన్నడిగితే అంతకన్నా ముందు ప్రతి ఇంట్లో మెట్ల కింద, అటకల మీద దాచిన పురుగుమందులు బయటికి తీయించాలి.

మూడేళ్ల కిందట మా మందారానికి పేనుబంక పట్టింది. చిగుళ్లన్నీ ముడుచుకుపోయి, ఆకులు జిగటగా తయారయ్యాయి. పొలంలో కొట్టగా డబ్బా అడుగున మిగిలిన మందు ఎవరో ఇస్తే తెచ్చుకున్నాను. లేబుల్ చదవలేదు. అందాజుగా నీళ్లలో కలిపి పొద్దున తొమ్మిదింటికి, సరిగ్గా తేనెటీగలు పూల మీద తిరిగే వేళకు పిచికారీ చేశాను. పేనుబంక రాలిపోయింది. మర్నాడు పిట్టలకు పెట్టిన నీళ్ల పళ్లెం చుట్టూ తేనెటీగలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి.

ఖాళీ డబ్బాను చెత్తబుట్టలో పడేశాను. నాలుగు రోజుల తర్వాత వీధి కుళాయి దగ్గర, మా చెత్త తీసుకెళ్లే ఆవిడ ఒక డబ్బా కడుగుతూ కనిపించింది. దాని నీలం మూత చూడగానే నా కాళ్లు వణికాయి.

"అక్కా, అదెందుకు?"

"గట్టి డబ్బా కదమ్మా, పిల్లాడికి మంచినీళ్లు పోసివ్వడానికి. మూడుసార్లు సబ్బేసి తోమాను, వాసన కూడా పోయింది."

ఒట్టి చేతులతో తోముతోంది. లాక్కున్నంత పని చేసి, అది విషం డబ్బా అని చెప్పి, చేతులు మళ్లీ కడిగించాను. ఇంట్లో ఉన్న నీళ్ల సీసా తెచ్చిచ్చాను. తీసుకుని, "పడేసేటప్పుడే చెప్పాలి కదమ్మా, నాకు చదువు రాదు" అంది. ఆమెకు నేను ఏం చెప్పగలను?

ఆ మందు ఆర్గానోఫాస్ఫేట్ రకం. పురుగు నరాల్లో ఏ ఎంజైమును అడ్డుకుని చంపుతుందో, మనిషి నరాల్లోనూ దాన్నే అడ్డుకుంటుంది. ప్లాస్టిక్ కొంత మందును పీల్చుకుంటుంది కాబట్టి ఎన్నిసార్లు తోమినా ఆ డబ్బా తాగునీటికి పనికిరాదు. అయినా కడగాలి, కాకపోతే మందు కలిపే వాళ్లే కడగాలి. లోపల ఎండిపోకముందే పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి, అర నిమిషం బాగా ఊపి ఆ నీళ్లను స్ప్రేయర్‌లోనే వంచాలి. ఇలా మూడుసార్లు. ఆ తర్వాత ఇంకెవరూ వాడుకోకుండా డబ్బాకు చిల్లులు పొడిచి, ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట విడిగా అప్పగించాలి. కాలువలో పారబోయకూడదు, కాల్చకూడదు.

కాల్చడం అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎండుటాకుల కుప్పలో కవర్లు, పైపు ముక్కలు కూడా వేసి నిప్పు పెడతారు, అడిగితే దోమలు పోతాయంటారు. పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్‌లో క్లోరిన్ ఉంటుంది. అలా కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి, కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉంటాయి. ఏళ్ల తరబడి విరగకుండా నిలిచిపోయే విషాలను అరికట్టడానికి దేశాలు కుదుర్చుకున్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో డీడీటీతో పాటు ఇవీ ఉన్నాయి. ఆ పొగ పీల్చేది తమ పిల్లలే అని ఎందుకు ఆలోచించరో! ఇక "రీసైకిల్ అవుతుందిలే" అని ధీమాగా పడేసేవాళ్లు, ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ అనే కూటమి చెప్పిన లెక్క వినాలి. ప్రపంచం మొత్తం ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అవుతున్నది 9 శాతమే.

మందారం సంగతి చెప్పలేదు కదా. మూడు వారాల్లో పేనుబంక ముందుకన్నా ఎక్కువగా తిరిగొచ్చింది. దాన్ని తినే అక్షింతల పురుగుల్ని కూడా నేనే చంపేశాను మరి. ఈసారి నీళ్లు గట్టిగా కొట్టి, పలచటి సబ్బునీళ్లు చల్లి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఆకుల మీద నారింజ మచ్చలున్న నల్లటి పురుగులు పాకాయి. చూడ్డానికి భయంగా ఉంటాయి గానీ అవి అక్షింతల పురుగు పిల్లలే, నలిపేయకండి.

అందుకే మీ పది ఇళ్లూ ముందు ఒక్క కట్టుబాటు పెట్టుకోండి. ఎవరు మందు కొట్టినా, ఏ మందో ముందురోజే అందరికీ చెప్పాలి, పొద్దు వాలాకే కొట్టాలి. మా వరుసలో ఇప్పుడు అలాగే నడుస్తోంది. మొన్న పక్కింటాయన తలుపు తట్టి, రేపు సాయంత్రం కొడుతున్నానని మందు పేరుతో సహా చెప్పి వెళ్లారు. మర్నాడు నాలుగింటికే నీళ్ల పళ్లెం లోపల పెట్టేశాను.