ఏడో అంతస్తులో పలకరించేవారు లేక దిగులు.. ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. మావారు పోయాక తెనాలి నుంచి హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గరికి వచ్చి ఏడాదిన్నర అయింది. కొడుకూ కోడలూ బాగా చూసుకుంటారు. ఉదయం వాళ్లు ఆఫీసుకు, మనవరాలు బడికి వెళితే సాయంత్రం దాకా ఏడో అంతస్తులో ఒక్కదాన్నే. టీవీ పెట్టినా మనసు నిలవదు, ఏ పనీ చేయబుద్ధి కాదు. బీపీ, షుగర్ లేవు. ఇది జబ్బేనా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: పిల్లలు ఏ లోటూ చేయనప్పుడు దిగులు పడటం తప్పేమోనని మీరు సంకోచిస్తున్నట్లుంది. తప్పు కాదమ్మా. తెనాలిలో వాకిట్లో ముగ్గు పెట్టేలోపే పాలబ్బాయి, పూలమ్మి, పక్కింటావిడ పలకరించి ఉంటారు. వాళ్లు ప్రాణస్నేహితులు కాకపోవచ్చు. కానీ మన రోజును నిలబెట్టేవి ఆ పలకరింపులే. మీకు భర్తతో పాటు అవీ ఒక్కసారిగా దూరమయ్యాయి. ఒంటరితనం గుండెజబ్బు, పక్షవాతం ముప్పును పెంచుతుందని, ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు దీనితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో చెప్పింది. కాబట్టి దీన్ని ఆరోగ్య సమస్యగానే చూడాలి.

ముందు థైరాయిడ్, విటమిన్ బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. వీటిలో తేడా ఉన్నా నీరసం, నిరాసక్తత వస్తాయి. వినికిడి కూడా చూపించుకోండి. ఎదుటివారి మాట సరిగా వినబడక, మళ్లీ మళ్లీ అడగలేక, మాట్లాడటమే తగ్గించుకునేవారిని చాలామందిని చూశాను.

ఇక రోజువారీ సంగతి. కొత్త స్నేహాల కోసం వెతకమని చెప్పను. అదే మనిషిని, అదే వేళకు, మళ్లీ మళ్లీ కలవమంటాను. కూరగాయలు ఫోనులో తెప్పించుకుంటుంటే మానేసి, కొత్తిమీర కట్ట కోసమైనా మీరే కిందికి దిగండి. ఒకే బండి దగ్గర కొనండి. కొన్నాళ్లకు, ఒక రోజు మీరు వెళ్లకపోతే ‘నిన్న రాలేదేమమ్మా’ అని ఆ బండి మనిషే అడుగుతుంది. సాయంత్రం అరగంట నడక కూడా అపార్టుమెంటు ఆవరణలోనే, రోజూ ఒకే సమయానికి పెట్టుకోండి. బెంచీ మీద కూర్చునే నలుగురూ తెలిసినవాళ్లవుతారు.

మరొకటి, ఇది నాకు బాగా నమ్మకమున్న మందు: ఇరుగుపొరుగును చిన్న సాయం అడగండి. భర్త పోయిన నా పేషెంటు ఒకావిడ, ఎదురింటి వాళ్లతో ఏడాదిగా మాటల్లేకుండా ఉండి, ఒక రాత్రి పెరుగు తోడుకు గిన్నె పట్టుకుని వెళ్లారు. మన ఇళ్లలో గిన్నె ఖాళీగా తిరిగివ్వరు కదా, మర్నాడు గోంగూర పచ్చడి పెట్టి ఇచ్చారు. అది ఎలా చేశారని ఎదురింటి అమ్మాయి ఇంటికే వచ్చి కూర్చుంది. సాయం చేయడం మీకు చేతనవును. అడగడమే మనవాళ్లకు మొహమాటం.

తెనాలి పక్కింటావిడకు రోజు మార్చి రోజు ఫోను చేయండి. పగటి నిద్ర అరగంట దాటనివ్వకండి.

అయితే రోజులో ఎక్కువసేపు దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. మీ ఉత్తరంలో ఆ ఛాయలున్నాయి. సైకియాట్రిస్టును కలవండి, చికిత్సతో తగ్గుతుంది. బతకాలని లేదనిపిస్తే క్షణం ఆగకుండా ఇంట్లో చెప్పండి, 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇప్పటికి మాత్రం, ఈ రాత్రి అబ్బాయి భోజనానికి కూర్చున్నప్పుడు మాకు రాసినదంతా అతనికి చెప్పండి. పరీక్షలకు అతన్నే తోడు రమ్మనండి.