క్రాసులకు గ్రీజు ఎప్పుడు పెట్టాలి? వాగు దాటి వచ్చిన రోజే

కరీంనగర్ నుంచి ఒకరు అడిగారు: పాత ఫోర్‌వీల్ జీపు కొన్నాను, దాని యూనివర్సల్ జాయింట్లను ఇంటి దగ్గరే పరీక్షించుకోవడం ఎలా, గ్రీజు ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి పెట్టాలి, గ్రీజు ఎక్కించే మూతి, అంటే నిప్పల్ ఉన్నవి మంచివా, సీలు వేసి వచ్చేవి మంచివా?

కిలోమీటర్ల లెక్కతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఇంజిను బలాన్ని ఇరుసుకు చేర్చే షాఫ్టు చివర్లలో కీళ్లలా మడత పడే ఈ జాయింట్లను మెకానిక్కులు క్రాసులంటారు. ఇవి మన వైపు అరిగిపోయి పాడుకావు. నీళ్లు తాగి పాడవుతాయి. పదింటిలో తొమ్మిది ఇలాగే పోతాయని నేను ఖాయంగా చెబుతాను.

నేను హనుమకొండలో ఉంటాను. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారంలో మా బావమరిది వాళ్ల ఊరికి బియ్యం, మందులు చేరవేయడానికి నా జీపు ఇరుసు మునిగే నీటిలో నాలుగుసార్లు వాగు దాటింది. పని ముగిశాక నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, బండిని వాటర్ సర్వీసింగుకు ఇచ్చి, కింది బురదనంతా ప్రెషర్ నీటితో కొట్టించి, మెరిసిపోతోందని మురిసిపోవడం. క్రాసు నాలుగు కాళ్లకు తొడిగిన క్యాపుల అంచున ఉండే రబ్బరు సీలు ఎంత పలుచగా ఉంటుందో తెలిసినవారెవరూ ఆ పైపును అటువైపు తిప్పనివ్వరు. గ్రీజు కూడా పెట్టామని అక్కడి కుర్రవాడు చెప్పాడు, నేను నమ్మాను. తరువాత చూస్తే నిప్పల్ మీది మట్టి మట్టిలాగే ఉంది.

మూడు వారాల తరువాత పస్రా దాటి ఏటూరునాగారం వైపు వెళ్తుండగా అడవిలో ఏదో పిట్ట కిచకిచమంటున్నట్లు వినిపించింది. రెండు కిలోమీటర్లు పోయినా అదే పిట్ట, అదే కూత. వేగం తగ్గిస్తే కూతల మధ్య ఎడం పెరుగుతోంది, పెంచితే తగ్గుతోంది. అప్పుడైనా ఆగవలసింది. తాడ్వాయి చేరేలోపు కూత ఆగిపోయి, దాని స్థానంలో సీటు కిందినుంచి అదురు మొదలైంది. బండి పక్కకు తీసి రివర్సు వేయగానే సుత్తితో కొట్టినట్లు టంగుమంది. కిందికి వంగి చూస్తే వెనుక షాఫ్టు చివరి క్రాసు క్యాపు చుట్టూ తుప్పు రంగు పొడి కుంకుమ చల్లినట్లు అంటుకొని ఉంది. ఆ పొడి కనిపించిందంటే లోపలి సూదుల (సన్నని ఉక్కు కడ్డీల) బేరింగులో గ్రీజు లేదని, ఇనుము ఇనుమును తింటోందని అర్థం.

ఫస్టు గేరు వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, షాఫ్టు విప్పడానికి కిందికి దూరాను. అక్కడ లారీ ఆపుకొని టీ తాగుతున్న పెద్దాయన ఒకరు పరుగున వచ్చి, "సార్, ఆగుండ్రి! పయ్యలకు రాయి పెట్టిన్రా?" అని కేకవేశారు. నేను బిత్తరపోయాను. నా పాత జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు, బలాన్ని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదట్లో ఉండే డ్రమ్ము మీద పట్టుకుంటుంది. గేరు కూడా ఆ షాఫ్టు ద్వారానే వెనుక చక్రాలను ఆపుతుంది. షాఫ్టు విప్పిన క్షణాన రెండూ ఉత్తవే, ఆ వాలులో బండి నా మీదుగా దొర్లిపోయేది. ఆయనే రెండు రాళ్లు తెచ్చి చక్రాల కింద పెట్టి, "ఎనక షాఫ్టు ఇప్పి పక్కకు వెట్టుండ్రి. ఫోర్‌వీల్ ఏస్తే ముంగటి పయ్యలతోని ఇంటిదాంక పోతది" అన్నారు. అలాగే నలభై దాటకుండా నడుపుకుంటూ హనుమకొండ చేరాను.

మరునాడు మెకానిక్ క్యాపు ఊడదీసి చూపించాడు. లోపల సూదులు లేవు, ఎర్రని పొడి మాత్రమే ఉంది. క్రాసు కాలు మీద సూదులు కూర్చున్నచోట వరుసగా గాట్లు పడ్డాయి. అతడు అడిగింది ఒకటే మాట: "ఎన్నడు కొట్టించిన్రు సార్ గ్రీజు?" నేను జవాబు చెప్పలేదు.

కొత్త క్రాసు వేశాక కూడా యాభై దాటితే బండి వణికింది. షాఫ్టును, దాని ఒక ముక్క మరోదానిలోకి దూరే స్లీవు దగ్గర విడదీసి మళ్లీ కలిపేటప్పుడు ఆ మెకానిక్ పళ్ల గుర్తును చూసుకోలేదు. షాఫ్టు రెండు చివర్ల యోకులు, అంటే క్రాసును పట్టుకొనే కొమ్ముల్లాంటి భాగాలు, ఒకే సమతలంలో ఉండాలి. వంపులో తిరిగే క్రాసు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. రెండో చివరి క్రాసు ఆ హెచ్చుతగ్గులను సరిచేయాలంటే యోకులు ఎదురెదురుగా సరిపడాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు నిమిషానికి 2,000 సార్లకు పైగా తిరుగుతుంది కాబట్టి కొద్ది తేడా అయినా ఒంటికి తెలుస్తుంది. బురద గీకి చూస్తే బాణం గుర్తులు బయటపడ్డాయి, అవి కలపగానే వణుకు పోయింది. మీరు విప్పించేటప్పుడు ముందే పెయింటుతో గీత గీయించండి.

ఇక మీ పరీక్ష సంగతి. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, నా బండి వంటిదైతే హ్యాండ్ బ్రేకు కూడా వదిలి కిందికి దూరండి. ఒక చేత్తో షాఫ్టును, మరో చేత్తో యోకును పట్టుకొని ఎదురెదురు దిశల్లో తిప్పండి, తరువాత పైకీ కిందికీ ఊపండి. షాఫ్టు మొత్తంగా కొంచెం తిరిగితే కంగారు పడవద్దు, అది ఇరుసు లోపలి క్రౌన్ పినియన్ గేర్ల పళ్ల మధ్య సహజంగా ఉండే ఖాళీ. యోకుకూ క్రాసుకూ మధ్య కదలిక కనిపిస్తే మాత్రం క్రాసు పోయినట్లే. ఊగులాట లేకపోయినా బిగుసుకుపోయిన క్రాసులుంటాయి, అవి షాఫ్టు విప్పి చేత్తో మడిచి చూసినప్పుడే గాటు గాటుగా తగులుతూ బయటపడతాయి. ముందు షాఫ్టును మరిచిపోకండి. ముందు చక్రాలను ఇరుసునుంచి విడదీసే ఫ్రీవీల్ హబ్బులు లేని బండిలో అది టూవీల్‌లో కూడా ముందు చక్రాలతో పాటు తిరుగుతూనే ఉంటుంది.

గ్రీజుకు ముందు నిప్పల్‌ను గుడ్డతో తుడవండి, లేకపోతే మట్టినే లోపలికి నెట్టినవారవుతారు. రెండో నంబరు లిథియం గ్రీజును చేతి గన్నుతో నెమ్మదిగా, నాలుగు క్యాపుల అంచులనుంచీ కొత్త గ్రీజు తొంగిచూసేదాకా కొట్టండి. గాలి ప్రెషర్ గన్నుతో సీలు పొర్లిపోతుంది. మూడింటినుంచి వచ్చి నాలుగోదానినుంచి రాలేదంటే ఆ కాలు ఎండిపోతోందన్నమాట, షాఫ్టు కొద్దిగా తిప్పి మళ్లీ ప్రయత్నించండి, అయినా రాకపోతే విప్పించండి. పొడి రోడ్ల మీద నేను 5,000 కిలోమీటర్లకు ఒకసారి పెడతాను. వాగు దాటితే ఆ సాయంత్రమే పెడతాను.

సీలు వేసి వచ్చేవి పట్నంలో తిరిగే కార్లకు సరే. వాటిలోకి నీరు చేరితే బయటికి నెట్టే దారి ఉండదు. నిప్పల్ ఉన్నదానిలో కొత్త గ్రీజు పాత గ్రీజునూ బురద నీటినీ తోసుకొని వస్తుంది, మొదటి నాలుగు పంపులకు పాలు కలిపిన టీ రంగులో వచ్చేది అదే. ఆ రంగు పోయి గన్నులో ఉన్న రంగే క్యాపు అంచున కనిపించేదాకా ఆపకండి.