ప్రశ్న – జవాబు: నాలుగు బైట్లు, ఒక సంఖ్య

ప్రశ్న: ల్యాబ్‌వ్యూలో (బొమ్మలు, వైర్లతో ప్రోగ్రామ్ రాసే సాఫ్ట్‌వేర్) మోడ్‌బస్ ఆర్‌టీయూ (సీరియల్ లైన్ మీద పరికరాలు మాట్లాడుకునే పద్ధతి) మీద ఎనర్జీ మీటర్ చదువుతున్నాను. రెండు రిజిస్టర్లు (ఒక్కోటి రెండు బైట్ల గడి) అడిగితే 9 బైట్లు వస్తున్నాయి. వాటిలో విలువ ఉన్న నాలుగు 0, 1, 134, 160. మీటర్ మీద 1,00,000 కనిపిస్తోంది. ఇంటెల్ కంప్యూటర్ లో బైట్‌ను (చిన్న విలువ గలదాన్ని) ముందు ఉంచుతుంది కదా అని బైట్లను తిరగేసి టైప్ కాస్ట్‌కు (బిట్లను అలాగే ఉంచి మరో రకం విలువగా చదివే ఫంక్షన్) ఇస్తే 2693136640 వచ్చింది. విడివిడిగా షిఫ్ట్ చేసి కలిపితే 160 మాత్రమే మిగిలింది. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: రెండు చోట్లా తప్పు వేరు. టైప్ కాస్ట్‌కు మీ ప్రాసెసర్‌తో పని లేదు. ఏ కంప్యూటర్‌లోనైనా అది మొదటి బైట్‌నే పెద్దదిగా తీసుకుంటుంది, అంటే ఎప్పుడూ బిగ్ ఎండియనే. మోడ్‌బస్ కూడా రిజిస్టర్‌లో హై బైట్‌నే ముందు పంపుతుంది. మీ మీటర్ హై రిజిస్టర్‌ను కూడా ముందే పంపుతోంది కాబట్టి తిరగేయాల్సిన అవసరమే లేదు. 1×65536 + 134×256 + 160 కలిపి చూడండి, సరిగ్గా లక్ష వస్తుంది. మీరు రివర్స్ 1డి అర్రే పెట్టడంతో 160 పైకెక్కి కూర్చుంది.

రెండో పద్ధతిలో తప్పు వైర్ రకంలో ఉంది. యూ8 (8 బిట్ల, గుర్తు లేని సంఖ్య) వైర్‌ను లాజికల్ షిఫ్ట్‌తో 8 బిట్లు ఎడమకు జరిపితే ఫలితం కూడా యూ8గానే ఉంటుంది, బిట్లన్నీ అంచు దాటి పడిపోతాయి. ముందు యూ32గా (32 బిట్లు) మార్చి, ఆ తర్వాతే జరపాలి. షిఫ్ట్‌ల జోలికి పోకూడదనుకుంటే జాయిన్ నంబర్స్ ఉంది: హై, లో యూ8లు రెండు కలిస్తే యూ16, అలాంటి రెండు యూ16లు కలిస్తే యూ32. బ్లాక్ డయాగ్రామ్ చూసేవాడికి ఏ బైట్ ఎటు పోతోందో కంటికి కనిపిస్తుంది కనుక ఒకటి రెండు విలువలకు ఇదే మంచిదని మా అభిప్రాయం.

టైప్ కాస్ట్‌తోనే వెళ్లాలంటే అర్రే సబ్‌సెట్‌లో ఇండెక్స్ 3, పొడవు 4 ఇవ్వండి. మొదటి మూడు బైట్లు స్లేవ్ (జవాబిచ్చే పరికరం) చిరునామా, ఫంక్షన్ కోడ్, బైట్ల లెక్క. ఆ నాలుగు బైట్ల అర్రేను టైప్ కాస్ట్‌కు కలిపి, టైప్ ఇన్‌పుట్‌కు యూ32 కాన్‌స్టాంట్ తగిలించండి. అది వదిలేస్తే సంఖ్య కాక స్ట్రింగ్ (అక్షరాల వరస) వస్తుంది. చివరి రెండు బైట్లు సీఆర్‌సీ, అంటే తప్పులు పట్టే తనిఖీ సంఖ్య. అందులో మాత్రం లో బైట్ ముందుంటుంది! ఒకే ఫ్రేమ్‌లో (సందేశంలో) రెండు వరసలు.

నిజంగానే లో బైట్ ముందు పంపే పరికరం దొరికితే అన్‌ఫ్లాటెన్ ఫ్రమ్ స్ట్రింగ్ వాడి, బైట్ ఆర్డర్‌లో లిటిల్ ఎండియన్ ఎంచుకోండి. బైట్ అర్రేను ముందు స్ట్రింగ్‌గా మార్చాలి. ఒక్క సంఖ్య కాక యూ32 అర్రే కావాలంటే, డేటాలో సైజు ఉందా అని అడిగే ఇన్‌పుట్‌కు ఫాల్స్ ఇవ్వడం మరవొద్దు. లేకపోతే మొదటి నాలుగు బైట్లను అంశాల లెక్క అనుకుంటుంది. (లో బైట్ ముందు రావడం మనకు కొత్తేమీ కాదు. ‘అంకానాం వామతో గతిః’ (అంకెలు ఎడమకు నడుస్తాయి) అన్నారుగా. అంకెలను మాటలతో చెప్పే భూతసంఖ్యల్లో నేత్రం 2, అగ్ని 3; అయినా ‘నేత్రాగ్ని’ అంటే 23 కాదు, 32.)

ప్రశ్న: అదే లైన్‌లో ఉష్ణోగ్రత ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) వస్తుంది. 23.5 రావాలి, దాదాపు సున్నా చూపిస్తోంది. బైట్లు 0, 0, 65, 188.

జవాబు: ఈ పరికరం లో రిజిస్టర్‌ను ముందు పంపుతోంది. 65, 188, 0, 0 అయితేనే 23.5. ముందు యూ32కు టైప్ కాస్ట్ చేసి, స్వాప్ వర్డ్స్ (రెండు రిజిస్టర్లను తారుమారు చేసేది) పెట్టి, మళ్లీ ఎస్‌జీఎల్‌కు (32 బిట్ల ఫ్లోట్) టైప్ కాస్ట్ చేయండి. ఆ చివరి మెట్టులో టు సింగిల్ ప్రెసిషన్ ఫ్లోట్ వాడితే బిట్లను కాక సంఖ్యను మారుస్తుంది, అప్పుడు 110 కోట్లకు పైగా కనిపిస్తుంది. మోడ్‌బస్ ప్రమాణం ఫ్లోట్‌కు రిజిస్టర్ల వరస నిర్దేశించదు, కనుక తెలిసిన విలువతో పరీక్షించే నిర్ణయించుకోవాలి.

ప్రశ్న: 24 బిట్ల ఏడీసీ (వోల్టేజిని సంఖ్యగా మార్చే చిప్) 255, 255, 156 ఇస్తోంది. మైనస్ 100 రావాల్సింది, 16777116 వస్తోంది.

జవాబు: నాలుగు బైట్లు చేయడానికి ముందు సున్నా చేర్చారు, అందుకే మైనస్ గుర్తు పోయింది. విలువ 8388608 లేదా అంతకు మించితే ఐ32లో (గుర్తున్న 32 బిట్ల సంఖ్య) 16777216 తీసేయండి. లేదా సున్నాను చివర చేర్చి, ఐ32కు టైప్ కాస్ట్ చేసి, కోషంట్ అండ్ రిమైండర్‌తో 256తో భాగించండి. కుడివైపు లాజికల్ షిఫ్ట్ పనికిరాదు, పైన సున్నాలు నింపుతుంది.

ప్రశ్న: అంతా బాగానే నడుస్తూ, ఎప్పుడో ఒకసారి బైట్లు తక్కువ వస్తాయి. కేబుల్ మార్చినా అంతే.

జవాబు: తక్కువ వచ్చినప్పుడు చివరి బైట్ 10 అయితే కేబుల్ తప్పు కాదు. వీసా (ల్యాబ్‌వ్యూ పరికరాలతో మాట్లాడే భాగం) కాన్ఫిగర్ సీరియల్ పోర్ట్‌లో టర్మినేషన్ క్యారెక్టర్ (చదవడం ఆపమనే బైట్) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, దాని విలువ 10. విలువలో ఏ బైటైనా 10 అయితే అక్కడే చదవడం ఆగిపోతుంది. దాన్ని ఫాల్స్ చేసి, వీసా రీడ్‌కు 9 అని లెక్క ఇవ్వండి.