రోములో ఆఖరి రోజు గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీవు పంపిన రోమ్ యాత్రా వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. మొదటి నాలుగు రోజులను శ్రద్ధగానే రాశావు; వాటి గురించి నాకు పెద్దగా అభ్యంతరాలు లేవు. ఆఖరి రోజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీ కలం తొందరపడింది. నాన్న సూట్‌కేసులు తూచారనీ, గది ఖాళీ చేసి ట్రెవీ ఫౌంటెన్ చూసుకుని బరువెక్కిన హృదయాలతో విమానాశ్రయానికి బయలుదేరామనీ ఒక్క వాక్యంలో తేల్చేసి, ఆ తర్వాత ఒకటిన్నర పేజీ ఫౌంటెన్ చరిత్ర రాశావు. వ్యాసం మొత్తానికి ప్రాణం ఆ వాక్యంలోనే ఉందని నాకు అనిపించింది. దానిని విప్పి రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

ముందుగా సూట్‌కేసు దగ్గర ఆగు. వెళ్ళేటప్పుడు అందులో కందిపొడి, కరివేపాకు పొడి, పచ్చడి సీసా ఉండే ఉంటాయి. మన ఇళ్ళలో అవి సర్దనిదే పెట్టె మూత పడదు. తిరుగు ప్రయాణానికి ఆ చోట్లలోకి ఏం వచ్చి చేరాయి? మీ నాన్నగారు త్రాసు కొక్కేనికి పెట్టెను తగిలించి పైకెత్తినప్పుడు అంకె 23 కిలోలు దాటిందా, దాటితే ముందుగా ఎవరి వస్తువు బయటికి వచ్చింది, ఎవరు అడగకుండానే తమది తీసి పక్కన పెట్టారు? ఐదు రోజుల్లో మీ ఇంట్లో ఎవరు ఏం కోరుకున్నారో, ఎవరు ఎవరి కోసం సర్దుకుపోయారో ఆ పెట్టె చుట్టూ కూర్చున్న పది నిమిషాల్లో కనిపిస్తుంది. అక్కడ ఒక పేజీ ఖర్చు పెట్టినా తప్పు లేదు.

ఆ తర్వాత వీధిలోకి రా. రోము పాత వీధుల్లో పరిచిన నల్లరాతి దిమ్మెలను అక్కడివారు సాంపియెత్రీనీ అంటారు. వాటి సందుల మీదుగా పెట్టె చక్రాలు చేసే చప్పుడు మొదటి రోజు నీ తమ్ముడికి ఆటగా ఉందని రాశావు. ఆఖరి రోజు అదే చప్పుడు మీ అందరి చెవికి ఎలా వినిపించిందో రాస్తే, బరువెక్కిన హృదయాల ప్రస్తావనే అక్కర్లేదు. టెర్మిని స్టేషన్ నుంచి విమానాశ్రయానికి ఎక్కడా ఆగకుండా వెళ్ళే రైలులో 32 నిమిషాలు మీ నలుగురూ ఎదురెదురుగా కూర్చున్నారు కదా, ఎవరు మాట్లాడారు, ఎవరు కిటికీ వైపు తిరిగారు అన్నది నీకు తప్పక గుర్తుండి ఉంటుంది.

ఇదంతా నేను ఒకసారి చేసిన తప్పు తెలిసి చెబుతున్నాను. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉన్న రోజుల్లో అందరం కలిసి రోము వెళ్ళాము. ఆఖరి రోజు ఉదయం ట్రెవీ దగ్గర, నీళ్ళకు వీపు పెట్టి కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వేస్తే మళ్ళీ రోము వస్తారట అని మా కోడలు మా ఆవిడకు చెప్పింది. రాజమండ్రి వంతెన మీద రైలు వెళుతున్నప్పుడల్లా గోదారికి రూపాయి వేసి దణ్ణం పెట్టుకునే మనిషి ఆవిడ. "నీళ్ళకు వీపు చూపిస్తామా?" అని, ఎదురుగా నిలబడి, నాణేన్ని కళ్ళకద్దుకుని మెల్లగా జారవిడిచింది. చుట్టూ అందరూ వెనక్కి తిరిగి నాణేలు విసురుతుంటే ఆవిడ ఒక్కతే నీళ్ళకు చేతులు జోడించి నిలబడింది. ఊరికి వచ్చి వ్యాసం రాసినప్పుడు నేను ఆ మాట వదిలేసి, ఫౌంటెన్ ఎవరు కట్టారో, ఎన్నేళ్ళు పట్టిందో రాశాను. అచ్చయిన కాగితం చూసి ఆవిడ ఏమీ అనలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

చరిత్ర వద్దని కాదు, అది వచ్చే చోటు చూసుకోవాలి. ఆ నీళ్ళు క్రీస్తు పూర్వం 19లో రోమన్ సేనాని అగ్రిప్పా వేయించిన కాలువ దారినే వస్తాయని, ఆ కాలువ చాలా భాగం నేల అడుగునే సాగుతుందని నీవు ఆ చరిత్ర మొదటి పేరాలోనే చెప్పేశావు. మీ అమ్మగారు ఆ నీళ్ళలో చెయ్యి పెట్టబోయి ఆగారని రాసిన చోట చెప్పి ఉంటే, రెండు వేల ఏళ్ళ నాటి కాలువ నీరు పాఠకుడి వేళ్ళకు కూడా తగిలేది. అలాగే, 1732లో పని మొదలుపెట్టిన వాస్తుశిల్పి నికోలా సాల్వీ 1751లో చనిపోయాడని, ఫౌంటెన్ 1762లో గానీ పూర్తి కాలేదని రాశావు. నాలుగు పేరాల తర్వాత మీ నాన్నగారు రోములోని ప్రాచీన ఆలయాన్ని తలుచుకుని "పాంథియన్ లోపలికి వెళ్ళనే లేదు" అంటారు. సాల్వీ అక్కడికి రావాలి. తన పని పూర్తయ్యాక చూడలేకపోయిన మనిషి ప్రస్తావన ఆ మాట పక్కన ఉంటే, మీ నాన్నగారి గొంతులోని వెలితికి నీవు వేరే విశేషణం వెతకనక్కర్లేదు.

విశేషణాల మాట వచ్చింది కనుక చెబుతున్నాను, నీ వ్యాసంలో "అద్భుతం" ఏడు చోట్ల ఉంది. ఏడూ కొట్టివేసి, ఆ ఖాళీల్లో ఆ క్షణాన నీ కళ్ళకు కనిపించినదేదో రాసి చూడు.

తొందరేమీ లేదు. ఈ లోపల మీ అమ్మగారిని అడిగి, ఆ పచ్చడి సీసా రోములో ఏ రోజుకు ఖాళీ అయిందో, ఖాళీ సీసాను అక్కడే వదిలేశారో కడిగి వెనక్కి తెచ్చుకున్నారో కనుక్కో. ఆ పేరా మొదట పంపు, మిగిలినది తర్వాత చూద్దాము.

ఇట్లు,
నీ క్షేమం కోరే పెద్దాయన